మడతపెట్టిన పేజీ తర్వాత

నాకు చదువు పిచ్చి. ఫలానా రకమే చదవాలని లేదు. హత్యల నవలలు, యుద్ధ చరిత్రలు, దయ్యాల కథలు, కోళ్ల పెంపకం పుస్తకం, చర్చిలో పంచే కరపత్రాలు, ఆఖరికి ఎండుచేపలు చుట్టిచ్చిన పాత పేపరు ముక్క కూడా వదిలేదాన్ని కాదు. ఈ పిచ్చి నాకు అంటించింది మా అక్క అపొండి. నాకు అక్షరాలు దిద్దించింది తనే. ఇద్దరిలో ఒకరినే చదివించగలనని నాన్న అన్నప్పుడు, బడి మానేసి నన్ను పంపిందీ తనే.

అరవై దాటాక అక్కకు చూపు పోయింది. కిసుము పట్నంలో ఉంటున్న నా దగ్గరికే వచ్చేసింది. రోజూ సాయంత్రం టీ తాగాక నేను తనకు నవల చదివి వినిపించాలి. తనకేమో ప్రేమలు, కాపురాలు, మూడు తరాల పగలు కావాలి. నాకేమో ఆ వారం చచ్చినవాణ్ణి ఎవరు చంపారో తేలాలి. తనకు చదువుతున్నంతసేపూ నా మనసు దిండు కింద ఉన్న నా పుస్తకం మీదే ఉండేది.

ఒక వానాకాలం ఇక ఓపిక పట్టలేకపోయాను. నవల సగంలో ఉండగా, కథానాయకుడు తిరిగొచ్చాడు, క్షమించమన్నాడు, ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు అని, పేజీ చూసి చదువుతున్నట్టే చెప్పి పుస్తకం మూసేశాను. అక్క ఎంతో సంతోషించింది. ఇంత సులువా అనిపించింది నాకు. ఆ తర్వాత మూడేళ్లూ విసుగొచ్చిన చోటల్లా పేజీ మూల మడిచేసి, వాళ్లకు పెళ్లి చేసేసేదాన్ని. మర్నాడు బస్టాండు దగ్గర పాత పుస్తకాలు పరిచి అమ్మే ఒగోలాకు ఆ పుస్తకమిచ్చి, పైన కాస్త చిల్లర పెట్టి, ఇంకోటి తెచ్చుకునేదాన్ని. ఊళ్లో చదివేవాళ్లందరం అలాగే మార్చుకుంటాం. ఒక్కో పుస్తకం ఎన్ని ఇళ్లు తిరుగుతుందో ఆలోచించనే లేదు.

మా ఆడవాళ్ల సంఘం నెలకోసారి ఎవరో ఒకరింట్లో కూడుతుంది. కిందటి ఆదివారం మా వంతు. అందరూ నూనెలో వేయించిన మాండజీలు తింటుంటే అక్క ఎప్పట్లాగే ఒక నవల కథ చెప్పింది. తను చెబితే ఎవరూ కదలరు. చివర్లో పెళ్లి అనగానే రిటైరైన టీచరమ్మ న్యాంగ్వెసో అడ్డుపడింది. ఆ పుస్తకమే తను కిందటి వారం ఒగోలా దగ్గర తెచ్చుకుందట. అందులో ఆ అమ్మాయి పెళ్లి వద్దని పడవెక్కి వెళ్లిపోతుందట. ఎవరో సగంలో పేజీ మడిచి వదిలేశారని, పాపం వాళ్లకు కథే తెలియదని నవ్వింది కూడా.

"మా చెల్లి చదివి వినిపించిందండీ. అది ఒక్క మాట తప్పు చదవదు," అంది అక్క. "తప్పు నాదే అయ్యుంటుంది. ఈ మధ్య బుర్ర సరిగ్గా పని చెయ్యట్లేదు."

అందరూ అక్కను జాలిగా చూశారు. నేనేమో సిగ్గులేనిదాన్ని, ఇంకాస్త టీ పొయ్యనా అని అడుగుతూ తిరిగాను.

మర్నాడు పుస్తకం తీస్తే అక్క వద్దంది.

"నాకు కథలు నిలవట్లేదే. మన అమ్మమ్మకీ ఇలాగే మొదలైంది. ఊరికే నీ గొంతు నొప్పి ఎందుకు, నీది నువ్వు చదువుకో."

మూడేళ్లుగా నేను కోరుకున్న సాయంత్రం అది. నా పుస్తకం తెరిచాను. ఒక్క వాక్యం తలకెక్కలేదు. పక్కన అక్క చిన్నప్పుడు తనతో చదువుకున్న పిల్లల పేర్లు వరసగా గొణుక్కుంటోంది, వాటిలో ఎన్ని మర్చిపోయిందో చూసుకోవడానికి. ఒక పేరు దగ్గర ఆగిపోయి మళ్లీ మొదటికొచ్చింది. మూడో రోజు కూడా అంతే. నా మీద నాకే అసహ్యం వేసింది.

"అక్కా, నీ బుర్రకేం కాలేదు. నేనే సగంలో ఆపేసి ఆ పెళ్లి కల్పించాను."

"ఆ ఒక్కదానికేనా?"

"కాదు. చాలావాటికి."

అక్క తిడితే బాగుండుననిపించింది.

"ఆ పిల్ల పడవెక్కి ఎక్కడికెళ్లింది?"

"తెలీదక్కా."

"అయితే వెళ్లి టీచరమ్మని అడుగు. ఎందుకు అడుగుతున్నావో కూడా చెప్పు. ఆ రోజు వచ్చినవాళ్లందరి గుమ్మాలూ ఎక్కి చెప్పు. నాకు మతి పోతోందని నేను కూడా నమ్మానే."