బాలింత పిల్లి

ఎల్లిగడ్డ దంచిన వాసన తగిలితే చాలు, లతకు ఇప్పటికీ బతుకుదెరువుకు పోయిన కామత్‌ఘర్‌ల తాముండిన ఒంటి అర్ర ఖోలీ యాదికొస్తది. ఏం రోజులో ఏమో! గోడ అవతల బట్ట నేసే సాంచాల మోత, ఇవతల పసిబిడ్డ ఏడుపు. లత తల్లి లేని పిల్లాయె, అందుకే కాన్పు అత్తగారింట్లనే అయింది.

అదే వారం కార్ఖాన పిల్లి సుత ఈనింది. గంజి పెట్టిన నూలును ఎలుకలు కొరుకుతయని సేటు పెంచిన పిల్లి అది. వచ్చి వచ్చి లత మంచం కిందనే పిల్లలను పెట్టింది. కొత్త ఊళ్లె లతకు అదొక్కటే దోస్తు.

ఇగ అత్త రామవ్వ సంగతి చెప్పాల్నా! బాలింత అంటే ఎల్లిగడ్డ పడాల్సిందే. నెయ్యిల వేయించి, వేడి బువ్వల కలిపి కోడలికి ముద్దలు పెట్టేది. "అదీ బాలింతనే గద, పాలెట్ల పడ్తయే?" అని పిల్లికీ ఓ ముద్ద పడేసేది. నెయ్యికి ఆశపడి అది తినేది.

కొన్నాళ్లకు పిల్లి మెత్తబడ్డది. చిగుర్లు తెల్లగ పాలిపోయినయ్. పిల్లలు మొత్తుకుంటున్నా లేస్తలేదు. లత పాణం పాణంల లేదు. "ఎట్లనన్న బతికియ్యుండ్రి" అని మొగడు ఓదెలు చేతులు పట్టుకున్నది. ఓదెలు దాన్ని గంపల పెట్టుకొని, ధామన్కర్ నాకా కాడ పశువుల డాక్టరు దగ్గరికి ఉరికిండు.

"అమ్మా, ఎల్లిగడ్డ, ఉల్లిగడ్డ పిల్లి నెత్తుర్ని పాడుచేస్తయట," అన్నడు తిరిగొచ్చి. "కొత్తిమీర ఓ ఆకు తిన్నా ఏం కాదట గని, గీ రెండు వద్దంటే వద్దన్నడు. సూది ఏసిండు. ఉడకబెట్టిన చేప పెట్టుమన్నడు."

రామవ్వ భగ్గుమన్నది. "నలుగురిని కన్న, గదే తిన్న! నాకు చెప్పొచ్చిండా?" కానీ పిల్లి మొఖం చూసి ఎల్లిగడ్డ బువ్వ గిన్నె అవతల పెట్టింది.

శ్రావణమాసమాయె, ఇంట్ల నీసు ముట్టరు. తెల్లారి చూస్తే రామవ్వ కొంగు కింద చేప దాచుకొని వచ్చింది. గడప అవతల స్టవ్ పెట్టి, ఉప్పు కారం లేకుంట ఉడకబెట్టింది. పిల్లి వాసన చూసి మొఖం తిప్పుకున్నది. మళ్ల పెట్టింది, మళ్ల తిప్పుకున్నది. పొద్దు నెత్తిమీదికొచ్చినంక ఒక్క ముక్క తిన్నది, ఇంకోటి తిన్నది. లతకు పోయిన పాణం లేచొచ్చినట్టయింది.

చేప ముల్లు ఏరుకుంటనే రామవ్వ అన్నది: "నోరులేని జీవి, నాకు పడ్తలేదని చెప్పలేకపాయె. నీకు నోరున్నది గద బిడ్డా. ఈ ఇంటికొచ్చి ఏడాదాయె, ఇది తింటనని ఒక్కనాడన్న అడిగితివా? చెప్పు, ఏం తింటవ్?"

అమ్మ పోయినంక లతను ఆ మాట అడిగినోళ్లు లేరు. అత్త ఒడిల తల పెట్టి బోరున ఏడ్చింది.

"ఓసి పిచ్చిదానా, తిండి అడిగితే ఏడుస్తరానే," అనుకుంట రామవ్వ ఆ నీసు చేతులతోనే కోడలిని దగ్గరికి తీసుకున్నది.