రాణీ రంగు గునుగు

పోచమ్మ రాత్రి తిన్న బోళ్ళను బూడిదతో తోముతోంది. నాలుగు రోజులైనా గోళ్ళ సందుల్లోని రాణీ రంగు వదలలేదు. సబ్బు పెట్టింది, నిమ్మచెక్క రుద్దింది. ఎన్ని ఉతుకులు ఉతికినా నూలును వదలకూడదని చేసిన రంగు, చేతులను మాత్రం ఎందుకు వదులుతుంది?

"అమ్మా, సుశీలాబాయి ఆలీ!" ఆమె వచ్చిందని కూతురు ప్రాజక్త గడప దగ్గర నుంచి మరాఠీలో కేకేసింది. పోచమ్మ చప్పున చేతులు కడుక్కుని కొంగు కింద దాచుకుంది.

సుశీలాబాయి కొండ మీది అడవి నుంచి వారానికోసారి, పోచమ్మవాళ్ళు వలస వచ్చి బతుకుతున్న భివండీ బజారుకు ఆకుకూరలు తెచ్చి అమ్ముతుంది. ఆమె భర్త అక్కడి చెరువు కాపలాదారు. ఆ అడవిలోకి బయటివాళ్ళను రానివ్వరు. ఈసారి సద్దుల బతుకమ్మను ఊళ్ళోని చెరువు వరాలా తలావ్ మురికిలో వదలనని పోచమ్మ మొండికేస్తే, "మా చెరువులో వదులు, పూలేగా" అని సుశీలాబాయే భర్తను ఒప్పించి గేటు తీయించింది.

నాలుగు రోజుల కింద ఆ చెరువును చూసి, వెంట వెళ్ళిన ఆడవాళ్ళందరూ ఒడ్డునే ఆగిపోయారు. నడుములోతు నీళ్ళ అడుగున కూడా గులకరాళ్ళు లెక్కపెట్టవచ్చు. పోచమ్మ ధ్యాస మాత్రం తన బతుకమ్మ మీదే ఉంది. నిరుడు పక్క బస్తీ నాగావ్ ఆడవాళ్ళు "పోచవ్వ బతుకమ్మకు జెరమొచ్చిందే, గట్ల తెల్లవోయింది" అని నవ్వారు. అందుకని ఈసారి, భర్త అంకుశం రంగుల కార్ఖానా నుంచి అడగకుండా తెచ్చిన పొడిని కలిపి గునుగు పూలను ముంచింది. దారిలో రంగు వెలిస్తే మళ్ళీ ముంచొచ్చని మిగిలిన రంగు బకెట్టును టెంపోలో వెంట తెచ్చుకుంది. ఆట అయ్యాక, ఇంట్లో మోరీలో పారబోసినట్టే ఆ బకెట్టును ఒడ్డున వంచి, చెరువులోనే జాడించింది.

సుశీలాబాయి గంప దించి కూర్చుంది. ప్రాజక్త గ్లాసుతో నీళ్ళు తెచ్చి పెట్టింది.

"దీదీ, మా వాళ్ళు కడవలు ముంచే చోట నీళ్ళు ఎర్రబడ్డాయి," అంది సుశీలాబాయి బజారు హిందీలో. "నాలుగు రోజులుగా తాగే నీళ్ళకు కొండ దిగుతున్నాం. ఎవరు చేశారో చెప్పకపోతే మా ఆయన నౌకరీ తీసేస్తానంటున్నాడు ఫారెస్టు సాహెబు."

చాయ తాగుతున్న అంకుశం తలెత్తలేదు. "మేం పూలే వేశాం బాయీ. పిక్నిక్‌కు వచ్చినవాళ్ళు ఎవరో చేసుంటారు."

"అమ్మా, బకెట్..." అంది ప్రాజక్త.

"నువ్వు లోపటికి నడువ్!" కూతుర్ని కసిరి, అంకుశం పెళ్ళాం వైపు తిరిగాడు. "నువ్వు నోరు తెరిస్తే నా కొలువు గూడ పోతది, సమజైందా?"

తెలుగు తెలియని సుశీలాబాయి నవ్వడానికి ప్రయత్నించింది. "నేనూ సాహెబుకు అదే చెప్పాను. మా దీదీ పూలు తప్ప ఏమీ వేయదు, నా పిల్లల మీద ఒట్టు అన్నాను."

నాగావ్ ఆడవాళ్ళ నవ్వును ఓర్చుకోలేని పోచమ్మ, ఈమె నమ్మకాన్ని ఎట్లా ఓర్చుకోవాలో తెలియక తల వంచుకుంది.

కొంగు కింద నుంచి చేతులు తీసి, ఇద్దరి మధ్యా నేల మీద పెట్టింది.

"నేనే బాయీ. సాహెబు దగ్గరికి నేనే వచ్చి చెప్తాను."

సుశీలాబాయి ఆ గోళ్ళ వైపు చాలాసేపు చూసింది. ముట్టని నీళ్ళ గ్లాసును మెల్లగా పోచమ్మ వైపు జరిపింది. లేచి గంప నెత్తికెత్తుకుంది.

"ఆగు బాయీ, నేనూ వస్తున్నా..." అంటూ పోచమ్మ లేచేలోగా, సుశీలాబాయి గడప దాటి వెళ్ళిపోయింది.