పదకొండు నిమిషాల నడవా

లెక్కల టీచరుకు ఒక అలవాటుంది. ఎక్కడ పదిమంది కూడినా తలలు లెక్కపెడుతుంది. ముప్పై ఏళ్ళపాటు పిల్లల్ని విహారయాత్రలకు తీసుకెళ్ళి, తీసుకెళ్ళినంతమందినీ తిరిగి తెచ్చి తల్లిదండ్రులకు అప్పజెప్పిన మనిషి. ఆ అలవాటు ఇక పోదు. ఆ శనివారం మధ్యాహ్నం పాత సినిమా హాల్లో చివరి వరుసలో కూర్చుని అదే పని చేసింది. తనను కలుపుకోకుండా అరవై మూడు.

వెయ్యాల్సింది ఎనభైల నాటి దెయ్యం సినిమా. పేరుకే దెయ్యం, ఎక్కడా కనిపించదు. జబ్బుపడ్డ పెద్దావిడను చూసుకోవడానికి ఒక నర్సు పెద్ద ఇంటికి వస్తుంది. ఆ ఇంట్లో ఒక పొడవాటి నడవా, దాని చివర ఒక తలుపు. రోజురోజుకూ ఆ తలుపు కాస్త కాస్త తెరుచుకుంటూ ఉంటుంది. అయిదో రీలు మొత్తం, పదకొండు నిమిషాలు, నర్సు ఆ నడవాలో తలుపుకేసి నడుస్తుంది. మాటా లేదు, పాటా లేదు. ఉన్నవల్లా చప్పుళ్ళు. ఆ చప్పుళ్ళు మైకు పెట్టి పట్టింది టీచరు భర్త.

ఆయన పోయి మూడు నెలలైంది.

సినిమా విడుదలైనప్పుడు జనం ఆ నడవా దగ్గర ఈలలు వేశారు. "దెయ్యానికి దారి తెలీలేదేమో, ఎవరైనా వెళ్ళి తీసుకురండ్రా" అని అరిచారు. నిద్ర పట్టనివాళ్ళకు మంచి మందని ఒక పత్రిక రాసింది. ఆ తరవాత ఆయనను ఎవరూ సినిమాకు పిలవలేదు. రిటైరయ్యేదాకా బస్టాండులో ప్రకటనలు రికార్డు చేశాడు. విడుదలైన రోజు ఎలా ఉందని భార్యను అడిగితే, పరీక్ష పేపర్లు దిద్దుతున్న ఆమె తల ఎత్తకుండానే "బాగానే ఉంది" అంది. ఆయన నవ్వి, "అంటే ముప్పై అయిదు మార్కులు. గట్టెక్కాను" అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు ఆ సినిమా తీసిన నిర్మాత కూతురు, ఉన్న ఒక్క కాపీనీ కొత్త పద్ధతిలో, కంప్యూటర్లోకి ఎక్కించి, భద్రం చేయిస్తోంది. ల్యాబువాళ్ళు ఒక చిక్కు చెప్పారు. అయిదో రీలు పులిసిన వాసన వేస్తోంది, ముడుచుకుపోతోంది. దాన్ని అంగుళం అంగుళం చేత్తో శుభ్రం చేయాలంటే రెండు నెలలు పడుతుంది. అది లేకపోయినా కథ అర్థమవుతుంది కాబట్టి వదిలేద్దామా అని అడిగారు. ఇప్పుడు వదిలేస్తే ఆ రీలు ఇక మిగలదు.

"నాకు తేల్చుకోవడం రాలేదు, పిన్నిగారూ" అంది నిర్మాత కూతురు, టీచరును హాల్లోకి తీసుకొస్తూ. "అందుకే ఇవాళ ఒక్క ఆట వేయిస్తున్నా. చూసినవాళ్ళు అభిప్రాయాలు రాసి డబ్బాలో వేస్తారు. వాళ్ళు ఏమంటే అది. సాయంత్రం అయిదింటికల్లా ల్యాబుకు ఫోన్ చెయ్యాలి."

"అలాగేనమ్మా" అంది టీచరు.

మెషీన్ గదిలోంచి రీళ్ళ బాబాయ్ తొంగిచూశాడు. ఆయనకు ఆ పేరు ఎప్పుడొచ్చిందో ఎవరికీ గుర్తులేదు. "వదినగారూ, అయిదో రీలు అతుకులన్నీ వారం రోజులు కూర్చుని వేశాను. ఇవాళ్టికి తిరుగుతుంది. నాది పూచీ" అని చేయి ఊపాడు.

దీపాలు ఆరాయి.

ఇంటర్వెల్‌లో నలుగురు లేచి వెళ్ళిపోయారు. టీచరు లెక్క సరిచేసుకుంది, యాభై తొమ్మిది. అయిదో రీలు మొదలైంది. తడి పాదం గచ్చు మీంచి లేస్తున్న చప్పుడు. ఎక్కడో ఒక బొట్టు. మళ్ళీ చాలాసేపటికి ఇంకో బొట్టు. వీటి వెనక మరొకటి ఉంది, చప్పుడని కూడా అనలేం. వేసవి సెలవుల్లో ఆయన ఆమె చేత బడి తాళాలు తీయించి, ఖాళీ వరండాలో మైకు పెట్టి, మూడు గంటలు కదలకుండా కూర్చుని పట్టిందది. "ఏమీ లేకపోతే ఏం పడతారు?" అని ఆమె విసుక్కుంటే, "మనుషులు వెళ్ళిపోయిన చోటుకు వేరే చప్పుడుంటుందోయ్, విను" అన్నాడు. అప్పుడు ఆమెకు వినిపించలేదు. ఈ మూడు నెలల్లో ఇంట్లో బాగా వినిపిస్తోంది.

సినిమా అయిపోయింది. ఆమె కళ్ళు మూసుకుని అలాగే కూర్చుంది. తెరిచేసరికి హాలు ఖాళీ.

హాల్లోంచి వీధిలోకి పోయే దారి పొడుగ్గా, కిటికీ లేకుండా, ఒక పక్క మూసిన తలుపులతో ఉంటుంది. లైట్లు వెయ్యలేదు. ఆమె గోడ పట్టుకుని నడిచి ఆ చివరికి చేరింది. అక్కడ బల్ల మీద డబ్బా, దాని పక్కన మేనేజరు, నిర్మాత కూతురు. డబ్బా తెరిచి ఉంది. నాలుగే కాగితాలు.

మేనేజరు చదివాడు. "ఒకటి, ఫ్యాన్లు తిరగడం లేదు. రెండు, ఇంటర్వెల్ దాకా దెయ్యం రాలేదు, నాకు పనుంది. మూడు, చాలా నిదానం. నాలుగోది ఖాళీ." ఆయన మొహమాటపడ్డాడు. "తక్కినవాళ్ళెవరూ రాయలేదండీ."

నిర్మాత కూతురు టీచరు చేయి పట్టుకుంది. "ఏమనుకోకండి పిన్నిగారూ. ఆ రీలు నాకు ఇష్టమే. కానీ అరవైమందిలో ఒక్కరికీ పట్టనప్పుడు..." అంటూ ఫోను తీసింది.

"ఒక్క నిమిషం ఆగమ్మా" అంది టీచరు. "మేనేజరుగారూ, మీరు ఇక్కడే ఉన్నారా? ఎంతమంది బయటికి వెళ్ళారు?"

"సినిమా అయ్యాకా?" మేనేజరు తల గోక్కున్నాడు. "మీరొక్కరే వచ్చారు."

"లోపల ఎవరూ లేరు. యాభై తొమ్మిదిమంది ఉండాలి. లెక్క తేలకుండా నేను కదలను."

ఇన్నేళ్ళలో ఆమె ఎవరినీ ఎక్కడా వదిలి రాలేదు. గిరుక్కున వెనక్కి తిరిగి చీకటి దారిలో హాల్లోకి నడిచింది. తెర పక్కన ఎన్నడూ తీయని తలుపొకటి ఓరగా తెరిచి ఉంది. తుప్పు పట్టిన గొళ్ళెం ఊడి కింద పడి ఉంది. అవతల ఎండ, మాటల రొద.

సైకిళ్ళు పెట్టుకునే పెరట్లో అందరూ ఉన్నారు. ఒక్కరూ ఇంటికి పోలేదు.

"ఏం బావా, ముందు నువ్వే ఆ దారిన వెళ్ళి లైటు వెయ్యొచ్చుగా?" అంటున్నాడొక బావమరిది.

"మీ అక్కతో ఇరవై ఏళ్ళు కాపురం చేశాన్రా. నా ధైర్యమంతా అక్కడే అయిపోయింది" అన్నాడు బావ.

ఒక అత్తగారు గట్టిగా అంటోంది, "అబద్ధమెందుకు, మొదటి గంట ఆవలించాను. ఆ నడవా వచ్చాక, నోరు తెరిస్తే ఏం దూరుతుందోనని మూసుకు కూర్చున్నా."

"నోరు మూసుకుని నా చెయ్యి పట్టుకున్నారు. చూడండి, గోళ్ళ గుర్తులు" అని కోడలు మోచేయి చూపించింది.

"ఎంత నిదానమైతే మాత్రం దెయ్యాన్ని చూపించొద్దా?" అన్నాడు ఒక గుమాస్తా.

"చూపిస్తే నవ్వేసి ఇంటికి పోయేవాడివి" అన్నాడు ఒక దర్జీ. "చూపించలేదు కాబట్టే తలుపు గొళ్ళెం పీకి ఇటొచ్చావు. పీకింది నువ్వే, నేను చూశాను."

ఎలక్ట్రీషియన్ ఒకతను ఎవరితోనో నెమ్మదిగా చెబుతున్నాడు. "నేను వైరింగుకి ఖాళీ ఇళ్ళలోకి వెళ్తాను కదా. ఖాళీ ఇల్లు అచ్చం అలాగే ఉంటుంది. ఎవరికి చెప్పినా నవ్వారు. ఇవాళ విన్నాను. ఎవరో గాని, నాకంటే ముందు విన్నవాడొకడున్నాడు."

టీచరు తలుపు పట్టుకుని నిలబడింది. ముందు తలలు లెక్కపెట్టింది. యాభై తొమ్మిది. సరిపోయింది.

"అభిప్రాయాలు రాయలేదేమండీ మీరంతా?" అంది.

"డబ్బా ఆ చివర పెడితే ఎవరెళ్తారు తల్లీ! ముందు లైటెయ్యమనండి" అంది అత్తగారు. అందరూ గొల్లుమన్నారు. వెనకే వచ్చిన మేనేజరు నాలుక కరుచుకున్నాడు. సినిమా నడుస్తుండగా వెలుతురు తెర మీద పడుతోందని ఆయనే ఆర్పి మరిచిపోయాడు.

టీచరు సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. పేజీలు సగానికి సగం చించి పంచింది. "అయిదో రీలు, ఆ నడవాలో నడక, ఉండాలా వద్దా? ఎందుకు? పేర్లు అక్కర్లేదు. వద్దనుకున్నా మొహమాటపడకుండా రాయండి." అలవాటు కొద్దీ, "పక్కవాళ్ళది చూడకండి" అని కూడా అనేసింది. బావ వెంటనే చేయి అడ్డం పెట్టుకుని రాయసాగాడు.

కాగితాలన్నీ వచ్చాయి. మెట్ల మీద కూర్చుని నిర్మాత కూతురు విప్పి చదివింది. ఏడుగురు తీసేయమన్నారు. ఒకరు పదకొండు కాకపోతే తొమ్మిది నిమిషాలు చాలన్నారు. తక్కిన యాభై ఒక్కరూ ఉండాలన్నారు. "నడవా తీసేస్తే మిగిలేది తలుపు. తలుపులు మా ఇంట్లోనూ ఉన్నాయి" అని ఒకరు. "మధ్యలో నా గుండె చప్పుడును సినిమాలోదనుకున్నాను" అని ఇంకొకరు. వంకర అక్షరాలతో ఒక కాగితం ఉంది: "నిదానమే. కానీ ఎవరో ఓపిగ్గా నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళినట్టుంది. నా కోసం ఎవరైనా ఇంత తీరిక చేసుకుని చాలా కాలమైంది."

ఆ కాగితాన్ని ఆమె టీచరు చేతిలో పెట్టింది. టీచరు రెండుసార్లు చదివి, మడిచి, తిరిగి ఇవ్వబోయింది.

"ఉంచుకోండి పిన్నిగారూ. మరి మీరు రాయలేదే?"

"ఇంటివాళ్ళ మాట లెక్కలోకి రాదమ్మా" అంది టీచరు. కాగితాన్ని సంచిలో పెట్టుకుంటూ, "ఎవరైనా అడిగితే మాత్రం చెప్తాను. నూటికి నూరు" అంది.

నిర్మాత కూతురు ల్యాబుకు ఫోన్ చేసింది. "అవునండీ, మొత్తం. రెండు నెలలైనా పరవాలేదు. ఒక్క అంగుళం కూడా వదలొద్దు." ఆ మాట వినడానికి మెషీన్ గదిలోంచి దిగొచ్చిన రీళ్ళ బాబాయ్ చొక్కా అంచుతో కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టి, అవి తుడవడం ఎంతకీ పూర్తిచెయ్యలేదు.

జనం కదిలారు. పెరటి గేటు ఇరుకు, ఒక్కొక్కరే పోవాలి. టీచరు గేటు పక్కన నిలబడి ప్రతి ఒక్కరికీ "చాలా థాంక్సండీ" అంది. ఎందుకో వాళ్ళకు తెలియదు. కొందరు హాలు తాలూకు మనిషనుకున్నారు. గుమాస్తా గొళ్ళెం సంగతికి క్షమించమన్నాడు. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు ఆమె అతని చేయి రెండు చేతులతో పట్టుకుని వదిలింది.

చివరగా అత్తగారు కోడలి భుజం ఆసరా చేసుకుని వచ్చింది. "వచ్చే శనివారం కూడా దెయ్యం సినిమాయేనా అమ్మా? అయితే ముందే చెప్పు, కాస్త ధైర్యమున్న కోడల్ని తెచ్చుకుంటాను."

"కనుక్కుని చెప్తానండీ" అంది టీచరు. ఇద్దరూ గేటు దాటేదాకా చూసి, చివరి తల లెక్కపెట్టుకుని, గేటు దగ్గరికి వేసింది.