రెండు కుండల దూరం

అంబతుమేన గుట్ట మీద ఎవరినడిగినా కింది ఆసుపత్రి రెండు కుండల దూరమే. అంటే రెండు కుండల అన్నం ఒకదాని తర్వాత ఒకటి ఉడికేంత సేపు నడక. మడగాస్కర్ కొండల్లో ముసలీ ముతకా అందరికీ తెలిసిన లెక్క. తెలియనిది కంప్యూటరుకే. దానికి రాజధాని ఆఫీసువాళ్లు ఒక కుండంటే ముప్పై నిమిషాలని నేర్పారు. ఆ లెక్కన ఆసుపత్రి గంట నడక. ఏడాది పొడవునా గంటలో ఆసుపత్రికి చేరగలిగే ఊరికి కాన్పుల గది ఇవ్వరు. అలా అన్నం పేరు చెప్పి ఊరి గదికే ఎసరు పెట్టారు.

మంత్రసాని బకూలి ఉడికిపోయింది. పోయిన వానల్లో ముగ్గురు పిల్లలు దారిలోనే, బండరాళ్ల పక్కన పుట్టారు మరి. ఆమె ఉత్తరం మీద ఉత్తరం రాయగా, ఆ లెక్క ఎక్కించిన ఆఫీసు కుర్రాడు తహిరి తానే ఫోను పట్టుకుని అవతలి రోడ్డు మీదుగా బండెక్కి వచ్చాడు. తన ఇంట్లో వండి, గడియారం చూసి మరీ రాశానని మర్యాదగానే చెప్పాడు.

"దేని మీద వండావు తమ్ముడూ?" అంది బకూలి.

"గ్యాసు మీదక్కా."

రజాఫి అవ్వ గుడిసెలో చేరినవాళ్లందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అవ్వ మాత్రం నవ్వకుండా కుండ అతని ముందుకు జరిపింది. "అయితే ఇక్కడా నువ్వే వండు నాయనా."

ముందు రోజంతా వాన. తహిరి ఎర్రబియ్యంలో రాళ్లు ఏరి, తడి కట్టెలు పేర్చి, ఊదీ ఊదీ ఏడ్చాడు. కాలం కాలుతోంది గానీ కట్టె కాలడం లేదు. మెతుకు పట్టి చూసి దించేసరికి డెబ్బై నిమిషాలు.

బకూలి మొహం వెలిగింది. అంతలో అతను ఎండాకాలం సంగతి అడిగాడు.

"ఎండు కట్టెతోనా? అరగంటే" అంది అవ్వ. అబద్ధం ఆవిడ ఇంటా వంటా లేదు.

తహిరి తల గోక్కున్నాడు. కంప్యూటరులో కుండకు ఒకటే గడి ఉంది. ఈ ఒక్క తడి రోజును చూసి దాన్ని మార్చలేనన్నాడు. గది చేయి జారిపోతోందని బకూలికి అర్థమైంది.

"కట్టె ఎండితే దారీ ఎండుతుంది తమ్ముడూ, గంటలో దిగుతాం. కట్టె తడిస్తే దారీ జారుతుంది. నిండు చూలాలు రెండు గంటలు పైనే పాకాలి. ఏ కాలంలోనైనా రెండు కుండలే. మా కుండ తప్పు చెప్పదు. నీ నిమిషానికే వాన తెలియదు."

 తహిరి ఫోనులోనే కంప్యూటరు లెక్క తెరిచి, ఆ ఒక్క గడిని రెండు చేశాడు: ఎండ, వాన. వాన గడిలో డెబ్బై కొట్టగానే పటంలో ఊరి పచ్చచుక్క ఎర్రబడింది. ఎరుపంటే గది ఇవ్వాల్సిన ఊరు. బకూలి ఆ ఎర్రచుక్కను పసిబిడ్డను చూసినట్టు చూసింది.

అవ్వ కుండలోని మాడు మీద నీళ్లు పోసి కాచి, గ్లాసులో అతనికి ఇచ్చింది. తెచ్చిన బండి ఎప్పుడో వెళ్లిపోయింది కాబట్టి, తాగేసి లేచి, బస్సు రోడ్డుకు నడక ఎంత దూరమని అడిగాడు.

"ఒక్క కుండ."

తహిరి మబ్బుల వంక చూశాడు.

"ఏ కట్టెతో, అవ్వా?"