రోము రాజు చెవి వెనక సొట్ట

నూట పన్నెండో కుళాయి పిడిని గౌరయ్య ఎడమ అరచేతిలో పెట్టుకొని, కుడి బొటనవేలి గోటిని దాని అంచు చుట్టూ ఒకసారి తిప్పాడు. గోరు ఒకచోట ఆగింది. ఆకురాయితో అక్కడ మూడు రాకులు రాకాడు. మళ్ళీ గోరు తిప్పాడు. ఈసారి అది వెన్న మీద నడిచినట్టు నడిచింది. పిడిని కుడివైపు గంపలో వేసి నూట పదమూడో దాన్ని అందుకున్నాడు.

దూలపల్లిలో రేకుల షెడ్డు కింద నడిచే ఆ ఇత్తడి పోత కార్ఖానాలో ముప్పై ఒక్క ఏళ్ళుగా అతని పని ఇదే. ఇసుకలో రెండు సగాలుగా అచ్చు తీసి, వాటిని కలిపి, కరిగిన ఇత్తడి పోస్తారు. సగాలు కలిసిన చోట వస్తువు చుట్టూ సన్నగా అతుకు గీత పడుతుంది. ఆ గీతను రాకి తీసెయ్యడం గౌరయ్య వంతు. పని ఎంత బాగా చేస్తే అంతగా, అక్కడ పని జరిగినట్టే తెలియదు. పట్నంలో ఎన్ని వేలమంది పొద్దున్నే అతను నున్నగా చేసిన పిడి తిప్పి మొహం కడుక్కుంటారో లెక్కలేదు. వాళ్ళలో ఒక్కరికీ అతని పేరు తెలియదు.

అరవై రెండేళ్ళ మనిషి. బక్కపలచగా, కొడవలిలా కాస్త ముందుకు వంగి ఉంటాడు. కనుబొమల్లో, చెవుల మీది వెంట్రుకల్లో ఎప్పుడూ ఇత్తడి పొడి ఉంటుంది. సాయంత్రపు ఎండలో తను నడిచివస్తుంటే బంగారు విగ్రహం లేచి వస్తున్నదనుకొని జనం దండం పెడతారని అతను చెబుతాడు. అతని భార్య దుర్గాబాయి మాత్రం ఆ విగ్రహాన్ని వాకిట్లోనే ఆపి, చేతికి చీపురిచ్చి దులుపుకొని రమ్మంటుంది.

తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా కోతలు కోసే అలవాటు. శామీర్‌పేట చెరువులో ఒక బొచ్చె చేప గుడి గంటను మింగిందనీ, ఆ గంట పోసింది తన బాపేననీ, ఇప్పటికీ ఆ చేప తోక ఆడించినప్పుడల్లా చెరువు అడుగున గణగణ వినిపిస్తుందనీ చెబుతాడు. మేడ్చల్ స్టేషన్లో రైలు మొరాయిస్తే తన తాత ఒక్క ఆకురాయితో చక్రాలు సాపు చేసి పంపాడంటాడు. వినేవాళ్ళు చాయ్ పోయిస్తారు గానీ నమ్మరు. గౌరయ్య చదివింది నాలుగో తరగతి. ఐదోది కూడా చదివి ఉంటే ఆ కోతలకు దూలపల్లి చాలేది కాదని ఊళ్ళో ఒక మాట ఉంది.

ఆ శుక్రవారం నూట ఇరవయ్యో పిడి దగ్గర అతను తల ఎత్తాడు.

"మల్లేశం, ఏందిరా ఇది? ఇయ్యాల పిడిలన్నిటికి ఒక్క జాగలనే సొట్ట ఉన్నది?"

బట్టీ దగ్గర ఇసుక జల్లిస్తున్న మల్లేశం నాలుక కరుచుకున్నాడు. "అచ్చు తీసే చెక్క పిడి మొన్న నా చేతులకెల్లి జారి పడ్డదన్నా. దానికి సొట్టవడ్డది."

"అవ్వకు దెబ్బ తాకితే పిల్లలందరికి మచ్చ వచ్చింది. సేటు అడిగితే డిజైన్ అని చెప్పు."

ఇద్దరూ నవ్వుకుంటుండగా గుమ్మం ముందు స్కూటర్ ఆగింది. దిగినవాడు రాఘవేందర్. గౌరయ్య ఇంటికి ఎదురిల్లు. మేడ్చల్‌లో ఒక ఆఫీసులో గుమస్తా. పాత నాణేలంటే ప్రాణం. ఆఫీసుకు సెలవు పెట్టినట్టున్నాడు, చొక్కా మడతలు పోలేదు. మొహం మాత్రం ముడతలు పడి ఉంది. జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు.

"కాకా, దీనికి మళ్ళ నలుపు ఎక్కియ్యొస్తదా?"

పొట్లంలో ఒక రాగి నాణెం. మీద గద్ద ముక్కు రాజు, నెత్తిన ఆకుల దండ. బిళ్ళ తళతళా మెరుస్తోంది.

సంగతి ఏమిటంటే, రెండు నెలల కింద కంప్యూటర్లో చూసి, మొహం తెలియని అమ్మకందారు దగ్గర రాఘవేందర్ ఆ నాణెం తెప్పించాడు. రెండువేల ఏళ్ళనాటి రోము రాజుదట. వచ్చినప్పుడు నల్లగా, కిలుము పట్టి ఉంది. ఆ కిలుమే దాని అందమని పెట్టెలో దూది మీద దాచాడు. ఇవాళ పొద్దున అతని భార్య వినోద లక్ష్మీదేవి పళ్ళెంలోని పైసలను శుక్రవారం శుక్రవారం తోమినట్టే చింతపండుతో తోముతూ, పెట్టెలో ఉన్న ఈ నాణేన్నీ వదల్లేదు. పైసంటే లచ్చిమి, మురికి మొహంతో లచ్చిమిని పీట మీద ఎట్లా కూర్చోబెట్టాలని ఆమె వాదన. రాజును పసుపు కుంకుమలతో చూసి రాఘవేందర్ నోటికొచ్చినట్టు అన్నాడు.

"ఇగ ఆ రాజునే అన్నం వండమన్నది కాకా. పొయ్యి ముట్టియ్యలే."

గౌరయ్య నవ్వు ఆపుకొని నాణేన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. కుడి బొటనవేలి గోరు దానంతటదే అంచు మీదికి పోయింది. సగం దూరం నడిచి ఆగింది. వెలుతురు వైపు తిప్పి చూశాడు. అంచు చుట్టూ సన్నగా రాకిన గీట్లు ఉన్నాయి. ఎవరో తొందరలో రాకారు. ఒకచోట అతుకు గీత మిగిలే ఉంది.

"సారూ, దీన్ని నావసొంటోడే ఎవడో రాకిండు. నా అంత పనిమంతుడు కాదు. ఇది పోత పోసిన బిళ్ళ. పుట్టి రెండేండ్లు గూడ కాలే."

"కాకా, నీ చేప కథలు మళ్ళ వింట."

"కథ కాదు బిడ్డా. పాత పైసలు పోసేటోళ్ళు కాదు, ముద్ర పెట్టి సుత్తెతోని కొట్టేటోళ్ళు. కొట్టినదానికి అతుకేడిది? మా ఇంట్ల బిందె కిలుమే మూడు రుద్దులకు పోదు. రెండువేల ఏండ్లది ఒక్క రుద్దుకే పోతే, అది కిలుము కాదు, రంగు."

"వినోద సింతపండు మస్తు పుల్లగుంటది" అని రాఘవేందర్ నాణెం లాక్కున్నాడు. ఆ కంగారులో అసలు మాట బయటపడింది. అదే అమ్మకందారు ఇంకో తొమ్మిది నాణేలు వేలానికి పెట్టాడు. సాయంత్రం ఐదింటికి ముగుస్తుంది. ఇంటి మీది రేకులు తీసి స్లాబు వేయడానికి దాచిన డబ్బంతా పెడితే తొమ్మిదీ తనవే. కాస్త నలుపు ఎక్కించి ఇస్తే చాలు, మిగతా పురాణం వద్దన్నాడు.

గౌరయ్యకు ఎక్కడో తగిలింది. ఎన్నేళ్ళుగానో చెప్పిన అబద్ధాలను జనం నవ్వుతూ విన్నారు. ఒక్కసారి నిజం చెబితే మొహం తిప్పుకున్నాడు వీడు. అతను లేచి ఒళ్ళు దులుపుకున్నాడు. గాలిలో పసుపుగా పొడి లేచింది.

"మల్లేశం, సేటుకు చెప్పు, పొద్దుమీకి పనికి నేను రాను. సారూ, ఆ తొమ్మిది మందిని నాకు సూపెట్టు. ఒక్కసారి సూసి నోరు మూసుకుంట."

గౌరయ్య నోరు మూసుకోవడమన్నది చూడదగ్గ వింతే కనుక రాఘవేందర్ ఒప్పుకున్నాడు. నాలుగు కాకముందే కొంపల్లి మీదుగా సుచిత్రకు బయలుదేరారు. స్కూటర్ వెనక కూర్చున్న గౌరయ్యకు, రోముకు గంటలు పోయడానికి పోయిన తన ముత్తాత గుర్తుకొచ్చాడు. అటువంటి ముత్తాత ఎవరూ లేడు. అయినా కథ గొంతు దాకా వచ్చింది. ఇవాళ ఒక్క కోత కోసినా పని చెడుతుందని గుటక మింగాడు. పెళ్ళిళ్ళలో కూడా అంత పెద్ద ముద్ద అతను మింగలేదు.

సుచిత్ర చౌరస్తాలో బేకరీ మీద ఇంటర్‌నెట్ సెంటర్. చెక్క గదుల మధ్య కంప్యూటర్లు గుయ్యిమంటున్నాయి. అక్కడ కూర్చునే పిల్ల బిందు, రాఘవేందర్‌ను చూసి అలవాటుగా మూలగది చూపించింది. తెర మీద మూడు వరుసల్లో తొమ్మిదిమంది రాజులు, నల్లగా, గంభీరంగా. గౌరయ్య వేలు చొక్కాకు తుడుచుకొని గోటిని మొదటి రాజు అంచు మీద పెట్టాడు. అద్దం మీద గోరు జర్రున జారింది.

"తాతా, గీకకు. గీతలు పడ్తయి" అంది బిందు.

గౌరయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బొమ్మకు అంచు ఉండదు. ముప్పై ఒక్క ఏళ్ళ గోరు ఒక్కసారిగా పనికిరాకుండా పోయింది. గోడ గడియారం నాలుగూ ముప్పావు చూపిస్తోంది. రాఘవేందర్ చెయ్యి మౌస్ మీద ఉంది.

"సూసినవా కాకా? ఇగ కొంటున్న."

"ఆగు." గౌరయ్య తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగాడు. "బిడ్డా, గీ రాజును జర పెద్దగ జేస్తవా?"

బిందు పెద్దది చేసింది. రాజు చెవి వెనక చిన్న సొట్ట. ఎప్పుడో ఎక్కడో పడి దెబ్బ తిన్నట్టు. రెండో వరుసలో ఇంకో రాజుకూ అదే సొట్ట. చివరి వరుసలో ఇద్దరికి. గౌరయ్య రాఘవేందర్ జేబులోంచి తనే నాణెం తీసి తెర పక్కన పట్టాడు. చింతపండు స్నానం చేసిన రాజుకు కూడా చెవి వెనక, అదే చోట, అదే సొట్ట.

"రాజు ఒక్కడే అయితే మొకం ఒక్కతీరే ఉంటది గద" అన్నాడు రాఘవేందర్, గొంతులో మునుపటి పొగరు లేదు.

"మొకం ఒక్కటుండొచ్చు. దెబ్బ గూడ ఒక్కటేనా? రెండువేల ఏండ్లు ఐదు పైసలు ఐదుగురి చేతులల్ల తిరిగినయి. ఐదుగురి చేతులకెల్లి జారినయి. అన్నీ ఒక్క రాయి మీదనే, చెవి మీదనే పడ్డయా? మొన్న మా మల్లేశం అచ్చు తీసే చెక్క పిడిని పడేస్తే, పోసిన పిడిలన్నిటికి సొట్టవడ్డది. గదే సంగతి ఇది. ఒక్క పైస ఎప్పుడో కిందపడ్డది. దాన్ని అచ్చు తీసి పోసిన్రు. సొట్ట గూడ అచ్చుల పడ్డది."

బిందు అడుగున ఉన్న సన్నటి అక్షరాలను కిందికి జరిపి, తెలుగు చేసి చదివింది. అసలుదని పూచీ లేదు, అమ్మింది వాపసు తీసుకోబడదు. రెండు నెలల్లో రాఘవేందర్ అంత కిందికి ఎన్నడూ పోలేదు. రాజుల మొహాలు చూస్తూ పైననే ఉండిపోయాడు.

మౌస్ మీది చెయ్యి మెల్లగా మోకాలి మీదికి వచ్చింది. ముగ్గురూ గడియారం వైపు చూస్తూ కూర్చున్నారు. ఐదయింది. తొమ్మిదిమంది రాజులూ ఎవరికో అమ్ముడుపోయారు.

"పాపం ఎవని రేకులో" అన్నాడు గౌరయ్య.

మెట్లు దిగాక చాయ్ కొట్టు ముందు ఇక ఆగలేకపోయాడు. "అసలు మా ముత్తాత రోముకు గంటలు పోయనీకి పోయిండు గద, గప్పుడు..." అని మొదలుపెట్టాడు. రాఘవేందర్ నవ్వలేదు. నవ్వడానికి ధైర్యం చాలలేదు. నమ్మాలా వద్దా అని గ్లాసు పట్టుకొని అలాగే నిలబడి విన్నాడు. ఆ ఒక్క సాయంత్రం గౌరయ్య ముత్తాత నిజంగా రోము పోయి వచ్చాడు.

ఇంటికి రాగానే రాఘవేందర్ వినోద ముందు చింతపండు పొట్లం పెట్టాడు. పావుకిలో.

"ఇంత ఏం జేస్కోవాలె?" అంది ఆమె.

"ఇంకెన్నడన్న పైసలు తెస్తే ముందుగాల నువ్వు తోము. గౌరయ్య కాక సూస్తడు. ఆ తర్వాతనే నేను."

"నిజం పాతదాన్ని తోముతే పాడైతదన్నవు గద పొద్దుగాల?"

రాఘవేందర్ పొట్లాన్ని మెల్లగా తన వైపుకు లాక్కున్నాడు. వినోద నవ్వు దాచుకోవడానికి పొయ్యి వైపు తిరిగింది. అన్నం ఉడుకుతున్న వాసన అప్పటికే వస్తోంది.

స్లాబు పడింది. దసరాకు రాఘవేందర్, వాపసు తీసుకుంటానని రాసిచ్చిన ఒక వ్యాపారి దగ్గర, అంచు ఫొటో కూడా అడిగి తెప్పించుకొని, ఒకే ఒక్క చిన్న నాణెం కొన్నాడు. వినోద దాన్ని ముట్టలేదు. గౌరయ్య గోరు దాని చుట్టూ తడబడుతూ నడిచింది. అంచు వంకర, రెండు చోట్ల పగులు, అతుకు మాత్రం ఎక్కడా లేదు. "ఇది దెబ్బలు తిని పుట్టింది" అని రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

చలికాలంలో గౌరయ్య ఎర్ర సబ్బు ముక్క మీద గుండుసూదితో ఒక రాజును చెక్కాడు. తలపాగా, బుర్ర మీసాలు, కింద ‘గౌరయ్య మహారాజు’ అని నాలుగో తరగతి అక్షరాలు. మల్లేశం దాన్ని ఇసుకలో అచ్చు తీసి, కరిగించే మూసలో మిగిలిన ఇత్తడి పోశాడు. చల్లారాక ఆకురాయి అందుకున్నాడు.

"గీత తియ్యాల్నా అన్నా?"

"వద్దురా. రెండువేల ఏండ్లకు ఎవనికన్న దొరుకుతది. పాపం, వాడు మోసపోవద్దు."

మాఘంలో ఒక మధ్యాహ్నం గౌరయ్య అన్నం తిని, ఇసుక బస్తాల మీద ఎప్పటిలా నడుం వాల్చాడు. పని గంట కొట్టినా లేవలేదు. మల్లేశం వచ్చి పక్కన నిలబడి, ఈసారి ఏ కథ చెప్పడానికి ఈ వేషమోనని, కన్ను ఎప్పుడు తెరుస్తాడా అని చాలాసేపు నవ్వుతూ చూశాడు. తర్వాత కూర్చొని భుజం మీద చెయ్యి వేశాడు.

నెల తిరిగాక గౌరయ్య పనిచేసిన బల్ల దగ్గరికి వేరే మనిషి వచ్చాడు. మొదటిరోజే కిటికీ గూట్లో కనిపించిన ఇత్తడి బిళ్ళను, రాకకుండా వదిలేసిన సరుకనుకొని చేతిలోకి తీసుకున్నాడు. బట్టీ దగ్గర్నుంచి మల్లేశం, "దాన్ని అట్లనే ఉండనియ్యి" అన్నాడు. అతను బిళ్ళను గూట్లో పెట్టేశాడు. తలపాగా రాజు చుట్టూ అతుకు గీత, వెంట్రుకంత లావున, గోటికి తగిలేలా, అట్లాగే ఉంది.