నీలవేణి విన్న చప్పుడు

మోహనకృష్ణ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరుగా చేరి, అక్కడే రిటైరయ్యాడు. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో క్వార్టరు ఖాళీ చేసి మలంచా రోడ్డు వెనక సందులో ఇల్లు కట్టుకున్నప్పుడు, వంటగదికి గట్టు వేయించక ముందే పక్కన రేకుల షెడ్డు వేయించాడు. ఆ షెడ్డు మనుషుల కోసం కాదు, కారు కోసం.

అది ఎం.జి. కారు. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, ముందు రెండు పెద్ద గుండ్రటి లైట్లు. ఇంగ్లండులో తయారై, ఎవరో దొర వెంట ఖరగ్‌పూర్ వచ్చి, చేతులు మారి చివరికి ఆంగ్లో ఇండియన్ హెన్రీ దగ్గర చేరింది. హెన్రీ, మోహనకృష్ణ వర్క్‌షాప్‌లో ఒకే షాపులో పనిచేశారు. ఆదివారాలు ఇద్దరూ దాని బానెట్ ఎత్తి కూర్చునేవారు. హెన్రీ పోయాక కూతురు జెనీ కోల్‌కతా వెళ్ళిపోతూ, "అంకుల్, డాడీ తర్వాత దీన్ని ముట్టుకున్నది మీరొక్కరే, మీరే తీసుకెళ్ళండి" అంది. అప్పటికే అందులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

బాగుచేయడానికి ఏళ్ళు పట్టింది. తలుపుల లోపలి చెక్క చట్రాన్ని చెదలు తినేస్తే మోహనకృష్ణ టేకు తెచ్చి కొత్తది చెక్కించాడు. ఇంజను విప్పి, ప్రతి ముక్కా కిరోసిన్‌లో కడిగి, పాత చీర మీద వరసగా పేర్చాడు. దొరకని భాగాలు ఇంగ్లండు నుంచి పార్సిల్‌లో వచ్చేవి. టాపు గుడ్డ, సీట్ల తొడుగులు భార్య నీలవేణి తన కుట్టుమిషను మీదే కుట్టింది. సూదులు విరిగాయి, వేళ్ళు కోసుకున్నాయి. "బాగున్నాదా?" అని అడిగితే, "కుట్టు వంకర పోనాది" అన్నాడు మోహనకృష్ణ.

ఇంజను స్టార్టయిన రోజున అసలు చిక్కు బయటపడింది. ఆ ఇంజనుకు రెండు కార్బొరేటర్లు. రెండూ సమానంగా గాలి పీల్చాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పీలిస్తే ఇంజను దగ్గుతుంది, పొగ వదులుతుంది. రబ్బరు పైపు ఒక కొసను చెవిలో పెట్టుకుని, రెండో కొసను ఒక్కో కార్బొరేటరు మూతి దగ్గర పెట్టి వినాలి. స్‌స్‌స్ అని సన్నటి చప్పుడు వస్తుంది. రెండు చోట్లా ఆ చప్పుడు ఒకేలా ఉండేదాకా స్క్రూలు తిప్పుతూ పోవాలి. హెన్రీ అలాగే చేసేవాడు.

మోహనకృష్ణ పైపు చెవిలో పెట్టుకుని చాలాసేపు వంగి ఉన్నాడు. తర్వాత నిటారుగా లేచి, పైపును అటూ ఇటూ తిప్పి చూసి, ఊది, మళ్ళీ పెట్టుకున్నాడు.

"పైపులో ఏటో అడ్డుపడినాది," అన్నాడు.

నీలవేణి పైపు తీసుకుని తన చెవిలో పెట్టుకుంది. అడ్డేమీ లేదు. చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. ఆమె భర్త ముఖంలోకి చూసింది. ఆయన ముఖం తిప్పుకున్నాడు. టీవీ ఎందుకు అంత గట్టిగా పెడతాడో, పిలిస్తే ఎందుకు పలకడో, ఫోను మోగుతున్నా పేపరు చదువుకుంటూ ఎందుకు కూర్చుంటాడో ఆమెకు ఆ క్షణాన అర్థమైంది. గట్టి మాటలు ఆయనకు చేరుతున్నాయి. సన్నటివి చేరడం మానేశాయి.

ఆమె ఆ సంగతి ఎత్తలేదు. "ముందుదానికి గాలెక్కువ. కొంచిం తిప్పండి," అని చేత్తో సైగ చేసింది.

నీలవేణి తండ్రి గూడ్సు బండి డ్రైవరు. చిన్నప్పుడు క్వార్టరు అరుగు మీద కూర్చుని, యార్డులోకి వచ్చే ఇంజను కనబడకుండానే అది ఏ రకమో చెప్పేది. ఆ చెవి ఇన్నాళ్ళూ దేనికీ పనికిరాలేదు. పెళ్ళయ్యాక ఆమె విన్నదల్లా కుక్కరు కూతలు, కొళాయిలో నీళ్ళొచ్చే గురగుర. ఇప్పుడు షెడ్డులో వంగి నిలబడి, ఎడమ చేత్తో పైపు పట్టుకుని, కుడి చెయ్యి గాలిలో కొద్దికొద్దిగా పైకీ కిందికీ ఆడించేది. ఆమె చెయ్యి ఎటు కదిలితే మోహనకృష్ణ స్క్రూ అటు తిప్పేవాడు. రెండు చప్పుళ్ళూ దగ్గరకొచ్చి, దగ్గరకొచ్చి, ఒకటైపోయేవి. ఇంజను ఒక్కసారిగా నెమ్మదించి, తిన్నగా ఊపిరి తీసుకున్నట్టు ఆడేది. ఆ క్షణంలో ఆమెకు ఒళ్ళు ఝల్లుమనేది. ఎవరితోనూ చెప్పుకోలేదుగానీ, ఆ సుఖం కోసం ఆమె ఆదివారాలకు ఎదురుచూసేది.

ఆయిల్ ప్రెషర్ చూపే మీటరు ముల్లు ఎప్పుడో ఆగిపోయింది. కొత్తది తెప్పించమని ఆమె అంటే, "ఎందుకే? ఇంట్లో నువ్వున్నావు కదేటి, ఏ సప్పుడొచ్చినా సెప్తావు," అన్నాడు మోహనకృష్ణ. ఆ మాటకు ఆమె ఎన్నో రోజులు సంతోషపడింది.

కారు పేరు ఊళ్ళో పాకింది. కోల్‌కతా పాత కార్ల క్లబ్బు నుంచి సాన్యాల్ బాబు వచ్చాడు, ఇద్దరు కెమెరా మనుషుల్ని వెంటబెట్టుకుని. యూట్యూబులో పెట్టడానికి వీడియో తీస్తామన్నారు. మోహనకృష్ణ ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. నీలవేణి కూడా మంచి చీర కట్టుకుంది. పైపు తుడిచి షెడ్డులో మేకుకు తగిలించింది. అవసరమొస్తుందని అనుకుంది.

సాన్యాల్ బాబు ఇంజను చప్పుడు విని తల పంకించాడు. "మోహన్ దా, మా దగ్గర మిషన్లున్నాయి, మెకానిక్కులున్నారు. ఇంత తిన్నగా ఆడే ఇంజను మా క్లబ్బులో లేదు. దేనితో ట్యూన్ చేస్తారు?" అని బెంగాలీలో అడిగాడు.

మోహనకృష్ణ మేకు మీది పైపు తీశాడు. చెవిలో పెట్టుకున్నాడు. కార్బొరేటరు మీదికి వంగి, కళ్ళు మూసుకుని, స్క్రూ మీద వేలు పెట్టాడు. తిప్పలేదు, తిప్పుతున్నట్టు నటించాడు. కెమెరా దగ్గరకొచ్చింది.

"ఇదిగో, ఈ చెవితో," అన్నాడు. "జీవితమంతా షాపులో అరిగిన చెవి ఇది. దీనికి మించిన మిషను లేదు."

నీలవేణి టీ కప్పుల పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది. సాన్యాల్ బాబు వదినగారిని పలకరించినట్టు మర్యాదగా ఆమె వైపు తిరిగి, "బౌదీ, మీకూ ఈ కారంటే ఇష్టమేనా?" అన్నాడు.

ఆమె నోరు తెరిచేలోపే మోహనకృష్ణ నవ్వాడు. "ఆవిడకా? ఆవిడకిది సవతి!" అన్నాడు.

అందరూ గొల్లున నవ్వారు. కెమెరా ఆమె ముఖం మీదికి తిరిగింది. ఆమె కూడా నవ్వాల్సి వచ్చింది. ఆ నవ్వే వీడియోలో చివరి బొమ్మ అయింది.

వాళ్ళు వెళ్ళాక ఆమె షెడ్డులోకి వెళ్ళింది. ఆయన పనిముట్లు సర్దుతున్నాడు.

"నా పేరు ఒక్కసారి సెప్తే ఏటి పోయేది మీకు?"

ఆయన వెనక్కి తిరగలేదు. వినబడలేదు. ఆమె ఇంకాస్త గొంతు పెంచింది. "ఏటీ?" అన్నాడాయన, పానా పట్టుకునే. ఆ మాట ఆయనకు చేరాలంటే ఎంత గట్టిగా అనాలో ఆమెకు తెలుసు. అంత గట్టిగా అంటే పక్కింటి గోవిందరావుకీ, ఎదురింటి బెంగాలీ వాళ్ళకీ కూడా చేరుతుంది. చెవిటి మొగుడితో దెబ్బలాట అంటే సందంతటికీ పంచిపెట్టడమే. ఆమె పెదవి కొరుక్కుని, కప్పులు తీసుకుని లోపలికి పోయింది.

వీడియో చూసి ట్రాఫిక్ నుంచి చెల్లెలు మీనాకుమారి ఫోను చేసింది. "అక్కా, నీ సవతి బలే తళతళ్ళాడిపోతందే!" అని నవ్వింది. కూరల బజారులో ఎవరో, "బావగారి సెవి బంగారమంటమ్మా," అన్నారు. నీలవేణి వంకాయలు ఏరుకుంటూ "ఔను" అంది.

తర్వాతి ఆదివారం షెడ్డులోంచి కేక వినిపించింది. "నీలా, రావే. పైపు పట్టు."

ఆమె గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఈసారి ఆయనకు వినబడేంత గట్టిగానే అంది: "మీ సెవి ఉన్నాది కదా. దాంతోనే సేసుకోండి."

మోహనకృష్ణ ఆమెను చూశాడు. ఒక్క మాటకు పని జరిగేది. ఆ ఒక్క మాట ఆయన అనలేదు. "ఠీక్ హై," అని బానెట్ వైపు తిరిగాడు.

అప్పట్నుంచి ఆయనే తిప్పుకున్నాడు. చూపుతో, అంచనాతో. ఇంజను దగ్గడం మొదలైంది. షెడ్డు గోడ మీద నల్లటి పొగ మరక పెరిగింది. కార్బొరేటర్లు తాగాల్సిన దానికన్నా ఎక్కువ పెట్రోలు తాగుతున్నాయి. మండని పెట్రోలు జారి ఆయిల్లో కలుస్తోంది. పలచబడిన ఆయిల్ లోపలి బేరింగులను కాపాడలేదని మోహనకృష్ణకు తెలియనిది కాదు. కాని ఆయన ఆయిల్ మార్చలేదు. మారిస్తే ట్యూనింగ్ తప్పిందని ఒప్పుకున్నట్టే. వంటింట్లో నిలబడి నీలవేణి ఆ ఇంజను పడే అవస్థంతా వింటూనే ఉంది. చేతులు గాలిలోకి లేవబోయేవి. వాటిని పిండిలో పెట్టి గట్టిగా పిసికేది.

చలికాలంలో కోల్‌కతాలో పాత కార్ల ర్యాలీ. సాన్యాల్ బాబు మోహనకృష్ణ పేరు ముందే ఇచ్చేశాడు. వెళ్ళేముందు ఒకసారి హైవే మీద నడిపి చూడాలనుకుని, ఆ ఉదయం మోహనకృష్ణ కారు బయటికి తీసి హారను కొట్టాడు.

"రా, ఒక రౌండు ఏసొద్దాం."

క్షమాపణ అడగడం చేతకాని మనిషి ఇంతకన్నా ఏం అడుగుతాడు? నీలవేణికి అది అర్థమైంది. కానీ ఆమె అడిగించుకోవాలనుకున్నది అది కాదు. శాలువా కప్పుకుని వచ్చి పక్కన కూర్చుంది.

సందు చివర గేరు మార్చేటప్పుడు ఆమెకు ఆ చప్పుడు వినిపించింది. ఇంజను అడుగున, లోతుగా. టక్. టక్. టక్. యాక్సిలరేటరు తొక్కినప్పుడు దగ్గర దగ్గరగా, వదిలినప్పుడు దూరదూరంగా. బేరింగు పోయింది. ఇక్కడే ఆపి తోసుకెళితే ఇంజను బతుకుతుంది.

మోహనకృష్ణ కూడా ఏదో తేడా ఉన్నట్టు స్టీరింగు మీద అరచేతులు ఒత్తిపట్టి చూసుకున్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. చాలా రోజుల తర్వాత ఆ కళ్ళలో పాత నమ్మకం కనబడింది.

"బాగానే ఉన్నాది కదా?"

నీలవేణి తల ఊపింది. ఔనన్నట్టు.

ఆయన ముఖం వికసించింది. మలంచా రోడ్డు మీద ఆటోలను దాటుకుంటూ హైవే ఎక్కాడు. గాలి చెంపలకు కొట్టింది. టక్ టక్ ఇప్పుడు సుత్తితో కొట్టినట్టుంది. ఆపమను, ఆపమను అని ఆమె లోపల ఎవరో అరుస్తున్నారు. ఆమె శాలువా అంచు పిడికిట్లో బిగించి ముందుకు చూస్తూ కూర్చుంది.

పెద్ద శబ్దం. అది మోహనకృష్ణకు కూడా వినబడింది. కింద నుంచి పొగ లేచింది, రోడ్డు పొడవునా నల్లటి ఆయిల్ చార పడింది. బండి పక్కకు ఈడ్చుకుపోయి మట్టిలో ఆగింది.

బానెట్ ఎత్తితే కనబడింది. లోపలి రాడ్డు విరిగి, ఇంజను దిమ్మను పగలగొట్టుకుని పక్కనుంచి బయటికి వచ్చింది. చెయ్యి పట్టేంత కన్నం. మోహనకృష్ణ ఆ కన్నం అంచును వేలితో ముట్టుకుని, వేడికి చటుక్కున తీసేశాడు. లారీ వాళ్ళు ఆగారు. ఒక ఆటో ఆగింది. జనం చేరారు.

ఆయన ఆమె దగ్గరకొచ్చాడు. "నీకు ఇనబడ్నేదా?"

"ఇనబడింది," అంది ఆమె.

"ఏటీ?"

ఆమె చుట్టూ నిలబడ్డ జనాన్ని చూసింది. ఇన్నాళ్ళు దాచుకున్న గొంతంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. "ఇనబడిందండీ! సందు సివర నుంచే ఇనబడింది! మీకు ఇనబడదు కదా! నాకే ఇనబడతాది! ఎప్పుడూ నాకే ఇనబడింది!"

ఆటో అతను తెలుగువాడే. తల దించుకున్నాడు. మోహనకృష్ణ నల్లటి వేళ్ళు ఇస్త్రీ చొక్కాకు తుడుచుకున్నాడు. ఆ చొక్కాను ఆయన ఎప్పుడూ అలా పాడుచేయలేదు.

లారీకి తాడు కట్టి కారును ఇంటికి తెచ్చారు. అలాంటి దిమ్మ ఎక్కడా దొరకలేదు. దొరికేదాకా ప్రయత్నిద్దామని సాన్యాల్ బాబు అన్నా, మోహనకృష్ణ వద్దన్నాడు. ఎండలు ముదరకముందే క్లబ్బు వాళ్ళు ట్రాలీ తెచ్చి, విడిభాగాలకు పనికొస్తుందని కారు తీసుకెళ్ళారు. తీసుకెళుతున్నప్పుడు మోహనకృష్ణ ఇంట్లోనే పడుకున్నాడు. నీలవేణి ఒక్కతే బయట నిలబడింది. తాను కుట్టిన టాపు మీద వాళ్ళు తాళ్ళు బిగిస్తుంటే చూసింది. ఆయన్ను కొట్టాలనుకుంది, కొట్టింది. ఆ దెబ్బ తనకూ తగిలిందని ఆ ట్రాలీ మలుపు తిరిగేటప్పుడు తెలిసింది. ఇక ఈ ఊళ్ళో ఆమె చెవితో పని ఉన్న వస్తువు ఒక్కటీ లేదు.

షెడ్డును గోవిందరావు అద్దెకు తీసుకున్నాడు. అతని టోటోలు, ఆ బ్యాటరీ రిక్షాలు, చీకటి పడగానే వచ్చి, ఛార్జింగు తీగలు తగిలించుకుని తెల్లారేదాకా చప్పుడు లేకుండా పడుంటాయి.

మోహనకృష్ణ వరండాలో కూర్చుని పేపరు చదువుతాడు. నీలవేణి అన్నం వడ్డించి, పళ్ళెం ముందు పెట్టి, పక్కన నీళ్ళ గ్లాసు ఉంచుతుంది. ఒక్కోసారి ఆయన ముద్ద మధ్యలో ఆగి తలెత్తుతాడు.

"ఏటైనా అన్నావా?"

ఆమె ఏమీ అని ఉండదు. తల అడ్డంగా ఊపి, చారు తేవడానికి లోపలికి వెళుతుంది.