రాకుమారిని ఎందుకు లేపారు?

ఎండుచేపలు తిరగేసి పెద్దింట్లమ్మ అరుగు మీద చతికిలబడిందో లేదో, మనవరాలు రమ్యశ్రీ బొమ్మల పుస్తకం తెచ్చి ఒళ్ళో పడేసింది. "కథ చెప్పు మామ్మా!"

పెద్దింట్లమ్మకి చదువు రాదు. అయినా అట్ట ఊడిన ఆ పుస్తకం ఆవిడకి కొత్తేం కాదు, కొడుకు చిన్నప్పుడు కొన్నదే. బొమ్మలు చూసి తను అల్లేసిందే ఆ ఇంట్లో కథ. పరుపు మీద రాకుమారి పడుకునుంటుంది, రాకుమారుడు మొహం మీదికి వంగుతాడు. "‘లెగు, బోటొచ్చింది, చేపలు ఏరాలి’ అన్నాడంట రాజుగారబ్బాయి. పాపం, ఆ పిల్ల జుట్టు ముడేసుకుని గంప ఎత్తుకుందంట."

రమ్యశ్రీ కిసుక్కున నవ్వింది. "బోటూ లేదు, చేపలూ లేవు! ఇక్కడ రాసుంది చూడు. వందేళ్ళ నించి నిద్దరోతుంటే ముద్దెట్టి లేపేశాడు." అంతలోనే మొహం చిట్లించింది. "అడక్కుండా పెట్టేయొచ్చా మామ్మా? తప్పని మా టీచర్ గారు చెప్పారు."

"నిద్దరోయేదాన్ని ఎలా అడుగుతారే?"

"లేచేదాకా ఆగాలి. నిన్ను తాతయ్య అడిగేవాడా?"

"దేనికి?"

"దేనికైనా."

పెద్దింట్లమ్మ మళ్ళీ ఆ బొమ్మకేసి చూసింది. అడగడమా? పెళ్ళికి అడిగింది నాన్నని. పెళ్ళైన కొత్తలో మొగుడు బుల్లియ్య కోడి కూయకముందే భుజం తట్టేవాడు, ఒకరోజు ముద్దుకి, ఒకరోజు చేపలకి. రెంటికీ ఒకటే మాట, ‘లెగు’. తలుపవతల నించి అత్తగారు ‘మహారాణీగారికి ఇంకా తెల్లారలేదా’ అనేది. అలాగని బుల్లియ్య కొట్టిన మనిషి కాదు, తిట్టిన మనిషీ కాదు. నరసాపురం వెళ్తే మల్లెపూలు మర్చిపోకుండా తెచ్చేవాడు. తనకి కనకాంబరాలంటే ఇష్టమని మాత్రం ఇప్పటికీ తెలీదు. మంచోడే కదా మరి? మంచోడైతే ఈ కలత ఏంటి? వద్దనాలని తనకెప్పుడైనా ఉండేదా? ఉండేదేమో, లేదేమో. ఎవరైనా అడిగుంటే కదా, లోపల వెతుక్కునేది!

ఇంతలో బుల్లియ్య గుమ్మంలోకి వచ్చాడు. "ఏమేవ్, లెగు, టీ పెట్టు. రేపట్నించి పక్కింటి చంద్రరావు చేపలు కూడా నువ్వే ఆరబెడతావని మాటిచ్చేశాను."

పెద్దింట్లమ్మ లేవలేదు. "అడుగు మావా."

"ఎవర్ని?"

"నన్ను. ఆరబెడతావా అని."

బుల్లియ్య తెల్లబోయాడు. "అడిగితే చేస్తావా?"

"ఏమో, నాకూ తెలీదు. ముందు అడుగు."